బ్రౌన్ గారి ఉత్తరాల పుస్తకం

తిరువూరులో మా ఇంట్లో తాతయ్యకి వచ్చిన ఉత్తరాలు ఒక ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. పోయిన సెలవుల్లో ఒకటి తీశాను. చదవలేకపోయాను. అచ్చులో ఉన్న తెలుగైతే మెల్లగా చదువుతా గానీ, ఆ గొలుసుకట్టు రాతలో ఏది గుడో ఏది ఒత్తో తెలియలేదు. అమ్మ చదివి పెట్టింది. పంతొమ్మిదేళ్లొచ్చాయి, సిగ్గేసింది.

అప్పుడే సి.పి. బ్రౌన్ గారి గురించి చదవడం మొదలుపెట్టా. అంతకుముందు నాకు ఆయన డిక్షనరీ రాసిన దొర, అంతే.

ఆయన 1798లో కలకత్తాలో పుట్టారు. 1817లో కంపెనీ ఉద్యోగానికి మద్రాసులో దిగేసరికి పద్దెనిమిదేళ్లు. అక్కడి ఫోర్ట్ సెయింట్ జార్జి కాలేజీలో వెలగపూడి కోదండరామ పంతులు గారి దగ్గర తెలుగు నేర్చుకున్నారు. అంటే మన వయసులో ఆయనా అక్షరాలు దిద్దుతున్నారన్నమాట!

1820లో కడప వెళ్లారు. 1824లో వేమన గురించి తెలిశాక ఇక ఆగలేదు. తాళపత్రాల్లో ఒక్కో ప్రతి ఒక్కో రకంగా ఉండేది. రాసినవాళ్ల తప్పులు అన్నీ ఇన్నీ కావు. పండితుల్ని జీతాలిచ్చి ఇంట్లో పెట్టుకుని, ప్రతులన్నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూసేవారు. మనం గిట్‌లో డిఫ్ చూసుకుంటాం కదా, అలాగే, కాకపోతే చేత్తో. 1829లో 693 వేమన పద్యాలు ఇంగ్లీషు అనువాదంతో అచ్చయ్యాయి. మన మచిలీపట్నంలో కూడా పనిచేశారు, ఉచితంగా బడి నడిపారు.

నిఘంటువు 1852లో వచ్చింది. అది అందరికీ తెలుసు. నన్ను పట్టుకున్నది మాత్రం అదే ఏడాది వచ్చిన తెలుగు రీడర్. అందులో ఉన్నవి ఉత్తరాలు! సొంత ఉత్తరాలు, వ్యాపారానివి, పోలీసు వ్యవహారాలు, రెవెన్యూ గొడవలు. తెలుగు నేర్చుకునే ఇంగ్లీషువాళ్లకి ప్రబంధాలు కాకుండా, జనం నిజంగా రాసుకునే తెలుగు చేతికిచ్చారు. 1854లో అర్జీ, జవాబు లాంటి పరాయి మాటలకీ విడిగా ఒక నిఘంటువు వేశారు. తాను ఎక్కడెక్కడ తడబడ్డారో గుర్తుపెట్టుకున్న మాస్టారే ఇలాంటి పుస్తకాలు చేస్తారని నాకనిపిస్తుంది.

1855లో ఇంగ్లండు వెళ్లిపోయారు. పదేళ్ల తర్వాత, అరవై దాటిన వయసులో, లండన్ యూనివర్సిటీ కాలేజీలో తెలుగు ప్రొఫెసర్ అయ్యారు. కడపలో సందేహం వస్తే అడగడానికి ఇంట్లోనే పండితులుండేవారు. లండన్‌లో ఆయనే పండితుడు. వీధిలోకి వెళ్తే తెలుగు మాట వినపడదు. పెళ్లి చేసుకోలేదు. పుట్టింది ఇక్కడ, పాఠం చెప్పింది అక్కడ. ఆయనకి ఏది పరాయి దేశమో నేను తేల్చుకోలేకపోయా. 1884 డిసెంబర్ 12న లండన్‌లోనే పోయారు.

మొన్న ఇంటికెళ్లినప్పుడు ట్రంకుపెట్టెలోంచి ఇంకో ఉత్తరం తీశా. ఈసారి అమ్మని పిలవలేదు. అరగంటలో నాలుగు లైన్లు వచ్చాయి. ఎవరో తాతయ్యని ఎడ్లు అమ్ముతారా అని అడుగుతున్నారు.