రుడాల్ఫ్ డీజిల్

చండ్రుగొండ అడవిదారిని లారీ నడుపువాని కన్నులు నడుమనడుమ ఆయిలు గేజిపై వ్రాలుచుండును. ఆ లారీ యంత్రమును కనిపెట్టిన రుడాల్ఫ్ డీజిల్ 1858లో పారిసు నగరమున జర్మను దంపతులకు జన్మించెను.

గాలిని గట్టిగా అదిమినచో వేడెక్కును. ఆ వేడికే ఇంధనము మండవలెను, నిప్పురవ్వ అక్కరలేదు. ఇది ఆతని తలంపు. 1893 ఆగస్టు 10న ఔగ్స్‌బర్గు కర్మాగారమున పరీక్షింపగా ఇంధనము భగ్గున మండెను. ఒత్తిడిని కొలుచు గేజి తునాతునకలై యెగిరెను. ప్రాణములు దక్కుటే భాగ్యము! యంత్రము నడువకున్నను తలంపు నిజమని తేలెను.

మరి నాలుగేండ్లు శ్రమించి 1897లో, ఇంధనశక్తిలో నూటికి 26 పాళ్లు పనిగా మార్చు యంత్రమును సిద్ధపరచెను. కీర్తితోపాటు అప్పులును పెరిగెను. 1913 సెప్టెంబరు 29 రాత్రి ఇంగ్లండునకు పోవు ఓడనుండి ఆతడు అదృశ్యుడయ్యెను. ఆతని యంత్రము లారీలకు అమరుట 1920ల దశకమునగాని జరుగలేదు.