టెలిఫోను గణితవేత్త ఎర్లాంగు

డెన్మార్కు దేశమున జట్లాండు అను ప్రాంతము కలదు. అందలి లోన్‌బోర్గు గ్రామమున 1878వ సంవత్సరము జనవరి 1వ తేదీన ఆగ్నర్ క్రారుప్ ఎర్లాంగు జన్మించెను. తండ్రి ఆ గ్రామమునందలి బడిపంతులు. ఎర్లాంగు 14 ఏండ్ల ప్రాయముననే కోపెన్‌హేగను విశ్వవిద్యాలయపు ప్రవేశపరీక్షకు కూర్చుండెను. అంత చిన్నవాడగుటచే అందులకు ప్రత్యేకానుమతి కావలసివచ్చెను. పరీక్షలో నెగ్గి, రెండేండ్లు తండ్రి పాఠశాలలోనే పిల్లలకు చదువు చెప్పెను. 1901లో విశ్వవిద్యాలయమునుండి గణితశాస్త్రమున పట్టము పొంది, మరికొన్ని యేండ్లు ఉపాధ్యాయవృత్తిలో గడిపెను.

కోపెన్‌హేగను టెలిఫోను కంపెనీలో యెన్సెన్ అను ముఖ్య ఇంజనీరు ఉండెను. అతడు గణితమునందు మిక్కిలి ప్రీతి గలవాడు. గణితజ్ఞుల సంఘమున కలిగిన పరిచయము ఫలించి, 1908లో ఎర్లాంగు ఆ కంపెనీలో చేరెను.

టెలిఫోను కంపెనీలకు ఒక చిక్కుప్రశ్న కలదు. నగరమున వేలకొలది టెలిఫోనులుండును; కాని అందరును ఒకేసారి మాటలాడరు. అందరికి సరిపడు లైనులు వేసినచో ధనము వ్యర్థమగును. మరీ తక్కువ వేసినచో, అర్ధరాత్రి వైద్యుని పిలువగోరు తల్లికి లైను దొరకదు. అట్లయిన ఎన్ని లైనులు వేయవలెను?

ఎవరు ఏ క్షణమున పిలుతురో ఎవరును చెప్పజాలరు. అయినను అనేకుల పిలుపులను కలిపి చూచినచో అందొక క్రమము గోచరించునని 1909లో ఎర్లాంగు సంభావ్యతా గణితముచే నిరూపించెను. 1917లో ఆయన ప్రసిద్ధ సూత్రము వెలువడెను. లైనుల సంఖ్యయు, రద్దీయు తెలిసినచో నూటికెన్ని పిలుపులు లైను దొరకక మరలిపోవునో ఆ సూత్రము తెలుపును. రద్దీ యనగా సగటున ఏకకాలమున జరుగవలసిన సంభాషణల సంఖ్య.

నూటికి ఒక్క పిలుపు మాత్రమే మరలిపోవచ్చునని నియమము పెట్టినచో, 10 లైనులు సుమారు నాలుగున్నర సంభాషణల రద్దీని భరింపగలవు. నూటికి అయిదు మరలిపోయినను సరియే యన్నచో, అవే లైనులు ఆరింటికి మించిన రద్దీని భరించును. కావున ప్రజలకిచ్చు మాట ఏదో తేల్చక, లైనుల శక్తి ఇంత యని చెప్పుటకు వీలులేదు. మరియొక వింత కలదు. మొదటి నియమము ననుసరించియే 20 లైనులను ఒక్కచో కూర్చినచో సుమారు 12 సంభాషణల రద్దీని భరించును. లైనులు రెట్టింపు కాగా, శక్తి రెట్టింపును మించెను!

ఎర్లాంగు కాగితములకే అంటిపెట్టుకొనలేదు. నిచ్చెన మోయు పనివానిని వెంటబెట్టుకొని, వీధుల క్రింది గుంటలలోనికి దిగి విద్యుత్ప్రవాహములను కొలిచెడివాడు. ఆయన వివాహమాడలేదు. ఆర్తులు వచ్చినచో తనకున్నదానిలో సాయము చేసెడివాడు. దాదాపు 20 ఏండ్లు కంపెనీ కొలువున నుండి, 1929 ఫిబ్రవరి 3వ తేదీన, 51వ యేట కోపెన్‌హేగనులో కన్నుమూసెను. 1946లో టెలిఫోను రద్దీని కొలుచు ప్రమాణమునకు ఎర్లాంగు అను పేరే పెట్టబడెను.

తరువాతి కాలమున సెల్ ఫోనులు వచ్చినవి. లైనులకు బదులు రేడియో మార్గములు ఏర్పడినవి. వానికిని పరిమితి కలదు. అందుచే ఇంజనీరులు నగరమును చిన్నచిన్న భాగములుగా విభజించి, ఒక్కొక్క భాగమునకు ఎన్ని మార్గములు కావలెనో ఎర్లాంగు సూత్రముచే లెక్కించిరి. పిదప ఆ మార్గములందే చిత్రములు, ఉత్తరములు కూడ నడువసాగినవి. ఉత్తరము కొంత వేచియుండగలదు, సంభాషణ వేచియుండజాలదు. లెక్క మరింత క్లిష్టమైనది. అయినను ఎంతమందిని ఆదుకొనవలెను, ఎంతమందిని మరలింపవచ్చును అను ప్రశ్నతోనే నేటికిని ఆ లెక్క మొదలగుచున్నది.