గిల్బర్టు న్యూటన్ లూయిస్

అమెరికాలోని మస్సాచుసెట్సు రాష్ట్రమున 1875లో జన్మించిన లూయిస్, 1902లో హార్వర్డునందు పాఠము చెప్పుచు, పరమాణువును సమఘనముగా చిత్రించి దాని ఎనిమిది మూలలయందు ఎలక్ట్రానుల నుంచెను. ఉప్పునందలి భిన్న విద్యుత్కణములు పరస్పరము నాకర్షించుకొనుట సుబోధమే. ఒకే జాతివగు రెండు ఉదజని పరమాణువులు ఏల విడువక యుండును? ఒక్కొక్కటి యొక ఎలక్ట్రాను నొసగగా నేర్పడిన జంట రెంటికిని ఉమ్మడి యగుననియు, అదియే బంధమనియు 1916లో ఆయన ప్రకటించెను. నీటియందు, వెలుపల ఆరు ఎలక్ట్రానులు గల ఆమ్లజని, రెండు ఉదజనులతో పొత్తు కలిసి ఎనిమిదింటిని పూరించుకొనును. పంపకములేని ఉమ్మడి యాస్తి వంటిదిది!

లాంగ్‌మ్యూర్ ఈ సిద్ధాంతమును విస్తరించి ప్రచారము చేయగా కీర్తి కొంత ఆయనకే పోయెను. లూయిస్ మనసు నొచ్చెను. 1932లో లాంగ్‌మ్యూరునకు, వేరు పరిశోధనకై, నోబెల్ బహుమానము లభించెను. పలుమారులు ప్రతిపాదింపబడియు లూయిసునకు లభింపలేదు. 1946 మార్చి 23వ తేదీన బర్కిలీలోని పరిశోధనశాలయందే ఆయన మరణించెను.