వేళ యెరుగని విస్తరి

రామగుండము, గోదావరిఖని బొగ్గుగనుల ప్రాంతమున పండుగ విందునకు నిర్ణీతమైన వేళ యుండదు. గనిలోని నీటిని తోడు పంపులకును, లోనికి గాలిని పంపు ఫ్యానులకును దసరా యనియు సంక్రాంతి యనియు విరామము లేదు. కనుక పండుగనాడు సైతము కొందరు కార్మికులు గనికి పోవలసినదే. ఊరినుండి వచ్చిన అత్తమామలు, ఆడపడుచులు, పిల్లలు క్వార్టరు ముంగిట కూర్చుండి యుందురు. ఇంటి యజమాని మొదటి షిఫ్టు ముగించుకొని వచ్చుసరికి ప్రొద్దు వాలును. పిలిచిన మిత్రుడు రెండవ షిఫ్టు దిగి అర్ధరాత్రికి వచ్చును. ఇల్లాలు కూర మరల వేడిచేయును, సకినాల డబ్బా మరల దించును. వంట రుచిగా నున్నదని అందరును మెచ్చుకొందురు. పొయ్యి ఎన్నిమారులు వెలిగినదో లెక్కించువారు అరుదు.

ఈ గనుల ప్రక్కగా పారు గోదావరి మంథని, కాళేశ్వరము, భద్రాచలము దాటి, పాపికొండల నడుమ ఒదిగి, ధవళేశ్వరము దిగువను పాయలై సముద్రమును చేరును. ఆ పాయల నడుమ, కోనసీమలోని లంకల గన్నవరమున, నూరేండ్లకు పైబడిన కాలమునకు పూర్వము, పొయ్యి చల్లారనీయని ఇల్లాలొకతె యుండెను. ఆమెయే డొక్కా సీతమ్మ. అతిథికి అన్నము పెట్టుట యనగానే తెలుగువారికి మొట్టమొదట స్ఫురించు పేరు ఆమెదే.

సీతమ్మ 1841 అక్టోబరు మాసమున మండపేటలో జన్మించెను. తల్లి నరసమ్మ, తండ్రి భవానీశంకరముగారు. తన ఇంటికి వచ్చినవారికెల్ల అన్నము పెట్టుచుండుటచే ఊరివారు ఆ తండ్రిని బువ్వన్న యని పిలిచెడివారు. బిరుదులలో ఇంతకంటె చిన్నదియు, ఇంతకంటె పెద్దదియు నాకు కనబడలేదు. తల్లి ముందుగనే కన్నుమూయగా ఇంటి భారము ఆ బాలిక చేతులపై బడినదని చెప్పుదురు. లంకల గన్నవరపు డొక్కా జోగన్నగారు వేదము చదివినవారు, భూవసతి గల రైతు. ఆయన ప్రయాణములో నొకనాడు మండపేటలో బువ్వన్నగారి ఇంట అతిథిగా దిగి, వడ్డించిన పిల్ల ఆదరమును చూచి, ఆమెను అడిగి వివాహమాడెనని కథ. అతిథిగా వచ్చినవాడు ఆమెను మరియొక అతిథిగృహమునకే కొనిపోయెనన్నమాట.

ఇంతమందికి పెట్టుటకు ధాన్యమెచ్చటిదని విద్యార్థులు అడుగవచ్చును. సీతమ్మ బాల్యమునందే, 1847లో, ధవళేశ్వరము ఆనకట్ట పని ఆరంభమై 1852లో ముగిసెను. కాలువలు పారినచోట మాగాణి పండెను. 1876-78 నాటి ధాత కరువు దక్షిణదేశమును కాల్చివేసిన దినములలో గోదావరి డెల్టా తట్టుకొని నిలిచెను. కాని నీరు పొలములకు చేరినంత సులభముగ మనుష్యులు ఊళ్లకు చేరలేకపోయిరి. లంకలకు పోవలెనన్న పడవయే శరణ్యము. పడవ గాలినిబట్టి నడచును, వరదనుబట్టి ఆగును. ఏటి కడుపున చిక్కుకొన్న బాటసారి ఏ జామున రేవున దిగునో వానికే తెలియదు. దిగిన పిదప కొని తినుటకు పూటకూళ్లు దొరకుననెడి నమ్మకము లేదు. అట్టి దారిలో జోగన్నగారి ఇల్లుండెను.

ఆ కాలమున సత్రములు లేకపోలేదు. కాని సత్రమునకొక వేళ, ఒక కట్టుబాటు, పలుచోట్ల కులమునుబట్టి పంక్తి. సీతమ్మ నడిపినది సత్రము కాదు, ఇల్లు. సత్రములో వేళ సత్రమువారిది. ఆమె ఇంట వేళ అతిథిది. ఎవరు వచ్చినను, ఎప్పుడు వచ్చినను, కులమేదని అడుగక కాళ్లకు నీళ్లిచ్చి విస్తరి వేసెడిదని జనులు నేటికిని చెప్పుకొందురు. నాలుగు దశాబ్దములు ఇట్లు సాగినది. బియ్యపు మరలు లేని దినములవి. ధాన్యము దంచవలెను, చెరుగవలెను, నీరు తోడవలెను, తడికట్టెలు ఊదవలెను, విస్తళ్లు కుట్టవలెను. అన్నదానమను మాట పలుకుట తేలిక. అందులో దానము కంటె చాకిరి పాలు హెచ్చు.

ఆమెను గూర్చిన కథలలో అంతర్వేది ప్రయాణమునకు నేను మొదటి పీట వేయుదును. వశిష్ఠ పాయ సముద్రమును కలియుచోట లక్ష్మీనరసింహస్వామి వెలసిన క్షేత్రమది. ఇల్లు విడిచి కదలుటకు తీరిక యెరుగని సీతమ్మ ఒకమారు ఎట్లో తెరపి చేసికొని స్వామి దర్శనమునకై పల్లకిలో బయలుదేరెనట. దారిలో విశ్రమించియుండగా ఒక పెండ్లిబృందము ఎదురయ్యెను. పిల్లలు ఆకలికి ఏడ్చుచుండిరి. మరికొంత దూరము ఓర్చుకొన్నచో గన్నవరము చేరుదుమనియు, అచట సీతమ్మగారు కడుపునిండ పెట్టుననియు పెద్దలు వారిని ఊరడించుచుండిరి. ఆ మాటలు పల్లకిలోనికి వినబడెను. సీతమ్మ బోయీలను వెనుకకు మరలుమని చెప్పి, వారికంటె ముందుగ ఇల్లు చేరి పొయ్యి రాజేసెనట. తానెవరో వారికి దారిలో చెప్పలేదు. స్వామి దర్శనము కాలేదు. ఇంటికి చుట్టము వచ్చునని తెలిసిన ఏ ఇల్లాలైనను బజారు పని సగములో విడిచి పరుగెత్తును. ఈమె విడిచినది మ్రొక్కు.

ఇట్టి జీవితమునకు మూల్యము లేకుండునా? పెట్టి పెట్టి ఆస్తి కరగెను. జోగన్నగారు పొలమున పని చేయుచుండగా నిధి దొరకి ఇబ్బంది తీరినదని యొక కథ కలదు. ఆ నిధి కంటె కరగిన పొలమునే నేను ఎక్కువగ నమ్ముదును. ధర్మము చేసినవారికి లంకెబిందెలు దొరకవలెనని మనము కోరుకొందుము. దొరకకున్నను వారు చేసిరనుట మనకు కొంత కష్టముగ నుండును.

ఆమె పేరు ఏరు దాటి, సముద్రము దాటెను. ఏడవ ఎడ్వర్డు చక్రవర్తి పట్టాభిషేకోత్సవ సందర్భమున, 1903 ప్రాంతమున, ఆమెకు ఆహ్వానము వచ్చెననియు, తాను వెడలినచో వచ్చినవారికి పెట్టువారెవరని ఆమె నిరాకరించెననియు చెప్పుదురు. పోనిండు, ఛాయాచిత్రమైనను పంపుడని పైనుండి ఉత్తరువు వచ్చినదట. అందులకును ఆమె ఒప్పుకొనలేదు. పటము పంపకున్న తన ఉద్యోగమునకు ముప్పు వచ్చునని జిల్లా అధికారి వేడుకొనగా, ఒకరి కూటికి అడ్డుపడుట ఇష్టము లేక కూర్చుండెనట. చక్రవర్తి సభలో ఆ పటమును ఆసనముపై నుంచి గౌరవించిరను ముచ్చట అందరును చెప్పుదురు. అధికారి ఉద్యోగమునకై ఒప్పుకొన్న ఘట్టమే నాకు సీతమ్మను ఎదుట నిలిపినట్లుండును.

1909 ఏప్రిల్ 28వ తేదీన ఆమె కన్నుమూసెను. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడిపిల్లల మధ్యాహ్న భోజన పథకమునకు ఆమె పేరు పెట్టెను. అంతకు పూర్వమే, 2000 సంవత్సరమున, గన్నవరమువద్ద వైనతేయ పాయపై కాలువ నీటిని దాటించు క్రొత్త అక్విడెక్టునకు డొక్కా సీతమ్మ పేరు నిలిపిరి. కాటన్ దొర నాటి పాత కట్టడము దాని ప్రక్కనే యున్నది. రావులపాలెము వైపునుండి రాజోలు మీదుగ అంతర్వేదికి పోవు యాత్రికులు ఇప్పుడు పడవకై రేవున కాచుకొనక, ఆ పేరు గల వంతెనపైనుండి ఏరు దాటుచున్నారు.