తొలి పాఠం ఉపాధ్యాయునికే: మరియా మాంటిస్సోరి

తెలుగునాట చిన్న పట్టణాలలో సైతం మాంటిస్సోరి అన్న పేరు ఏదో ఒక పాఠశాల నామఫలకంపై కనిపిస్తుంది. ఆ పేరు గల విదుషీమణి తన కృషిని ఎక్కడ ఆరంభించారో తెలిసినవారు అరుదు. సంపన్నుల పిల్లల కోసమో, బడి ఈడు రాని చిన్నారుల కోసమో ఆమె బోధనారంగంలోకి రాలేదు. మేధో వైకల్యం ఉన్నదన్న కారణంతో మానసిక చికిత్సాలయాలలో నిర్బంధానికి గురైన బాలల కోసం వచ్చారు. వారికి చదువు చెప్పగల ఉపాధ్యాయులను తీర్చిదిద్దడమే విద్యారంగంలో ఆమె చేపట్టిన తొలి పెద్ద బాధ్యత.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని అంకోనా సమీపాన ఉన్న చియరవల్లె పట్టణంలో జన్మించారు. స్త్రీలకు వైద్యవిద్య దాదాపు అందని రోజులవి. పురుషులతో కలిసి శవపరీక్ష గదిలో ఉండటం తగదని భావించడంతో, తోటి విద్యార్థులు వెళ్లిపోయాక ఆమె ఒంటరిగా ఆ పాఠాలు పూర్తి చేయవలసి వచ్చేది. అన్ని అవరోధాలనూ దాటి 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి వైద్య పట్టా పొందారు. ఇటలీ తొలితరం మహిళా వైద్యులలో ఒకరుగా నిలిచారు.

విశ్వవిద్యాలయ మానసిక వైద్యశాలలో సహాయకురాలిగా పనిచేస్తూ, చికిత్స అవసరమైన వారిని ఎంపిక చేసేందుకు ఆమె నగరంలోని ఆశ్రయాలను సందర్శించేవారు. ఒకచోట పిల్లలు భోజనం ముగిశాక నేలపై పడిన రొట్టె ముక్కలను ఏరుకుంటున్నారని సంరక్షకురాలు అసహ్యంతో ఫిర్యాదు చేసిందని చెబుతారు. మరియా ఆ గదిని పరికించి చూశారు. పిల్లలు పట్టుకునేందుకు, తిప్పి చూసేందుకు అక్కడ ఒక్క వస్తువైనా లేదు. వారి చేతులు వెతుకుతున్నది ఆహారాన్ని కాదని, పనిని అని ఆమె గ్రహించారు. ఈ పిల్లల సమస్య వైద్యానిది కన్నా విద్యకు సంబంధించినదన్న నమ్మకం ఆమెలో క్రమంగా బలపడింది.

మరియా ఆ నమ్మకానికి ఆధారాలు వెతుకుతూ ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఇటార్, ఎడ్వర్డ్ సెగ్విన్ రచనలను అధ్యయనం చేశారు. ప్రతి మాటనూ తూచి గ్రహించేందుకు వాటిని స్వహస్తాలతో ఇటాలియన్‌లోకి అనువదించుకున్నారు. 1898లో టూరిన్‌లో జరిగిన విద్యా మహాసభలో ఈ బాలల పక్షాన ప్రసంగించి దేశం దృష్టిని ఆకర్షించారు.

1900లో రోమ్‌లో ప్రత్యేక ఉపాధ్యాయ శిక్షణ విద్యాలయం ప్రారంభమైంది. వైద్యుడు జుసెప్పె మోంటెసానోతో కలిసి ఆమె దానికి సారథ్యం వహించారు. తొలి తరగతిలో 64 మంది ఉపాధ్యాయులు చేరారు. నాడీవ్యవస్థ నిర్మాణం, వైకల్యాలకు కారణాలు, ప్రత్యేక బోధనా పద్ధతులు వారి పాఠ్యాంశాలు. విద్యాలయానికి అనుబంధంగా పిల్లలతో నడిచే తరగతి కూడా ఉండేది. బోధించే ముందు గమనించడం అక్కడి నియమం. బిడ్డ ఏ వస్తువును ఎంచుకుంటున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు, ఎంతసేపు నిమగ్నమవుతున్నాడు అన్నది ఉపాధ్యాయుడు చూసి తెలుసుకోవాలి. మరియా స్వయంగా ఉదయం ఎనిమిది నుంచి సాయంత్రం ఏడు వరకు పిల్లల మధ్యనే గడిపేవారు. రాత్రివేళ ఆనాటి పరిశీలనలను క్రోడీకరించి కొత్త బోధనోపకరణాలు రూపొందించేవారు. వేలితో తడిమి నేర్చుకునే చెక్క అక్షరాలు అలా పుట్టినవే.

ఆ పిల్లలలో కొందరు చదవడం, రాయడం నేర్చి ప్రభుత్వ పాఠశాలలో సాధారణ విద్యార్థులతో పాటు పరీక్షకు హాజరై ఉత్తీర్ణులయ్యారు. చూసినవారు దానిని అద్భుతమన్నారు. మరియాను మాత్రం వేరొక ప్రశ్న వెంటాడింది. ఏ వైకల్యమూ లేని పిల్లలు ఇంత తక్కువ స్థాయిలో ఎందుకు ఆగిపోతున్నారు? లోపం పిల్లలలో ఉందా, బోధనలో ఉందా? ఆ ప్రశ్నే ఆమెను ముందుకు నడిపింది. 1901లో ఆ విద్యాలయాన్ని వీడి మళ్లీ చదువుకున్నారు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో పేదవాడలో తొలి బాలగృహాన్ని ప్రారంభించారు. వైకల్యం గల బాలల కోసం రూపొందిన ఉపకరణాలే అక్కడ అందరి పిల్లల చేతికీ అందాయి. 1909 నుంచి ఆమె ఉపాధ్యాయ శిక్షణ తరగతులు ఒక దేశం తరువాత మరొక దేశానికి విస్తరించాయి.

1939లో దివ్యజ్ఞాన సమాజం ఆహ్వానంపై ఆమె కుమారుడు మారియోతో కలిసి మద్రాసు చేరుకున్నారు. అడయారులో నిర్వహించిన తొలి శిక్షణకు 300 మందికి పైగా హాజరయ్యారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమె సంచారంపై ఆంక్షలు విధించింది. ఆమె 70వ జన్మదినం నాటికి కుమారుడు విడుదలయ్యారు. ఆంక్షల మధ్యనే శిక్షణ కొనసాగింది. కొడైకెనాల్‌లో గడిపిన సంవత్సరాలలో ఆమె అన్ని వయసుల పిల్లలతో పనిచేశారు. 1946లో యూరప్ వెళ్లి, మరుసటి ఏడాది తిరిగి వచ్చి, 1949 వరకు ఈ ఉపఖండంతో అనుబంధం కొనసాగించారు. 1952 మే 6న నెదర్లాండ్స్‌లోని నోర్డ్‌విక్‌లో కన్నుమూశారు.

ఆమె కృషికి పరిమితులు లేకపోలేదు. 1900 నాటి ఆ తరగతి మిగిలిన పిల్లలకు దూరంగా, విడిగా నడిచింది. కాలక్రమంలో ఆమె పద్ధతి అనేక చోట్ల అధిక రుసుము వసూలు చేసే ప్రైవేటు బడుల గుర్తుగా మారింది. ఎవరి కోసం ఆ ఉపకరణాలు మొదట పుట్టాయో, ఆ పిల్లలకే అటువంటి బడుల తలుపులు తరచూ తెరుచుకోలేదు.

నేడు భారతదేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. దివ్యాంగ బాలలు తోటివారితో కలిసి ఒకే తరగతిలో చదువుకునే సమ్మిళిత విద్యను ప్రోత్సహించింది. బ్రెయిలీ, సంజ్ఞా భాష తెలిసిన ఉపాధ్యాయులను, మేధో వైకల్యం గల పిల్లలకు బోధించడంలో శిక్షణ పొందినవారిని నియమించే బాధ్యతను ప్రభుత్వాలపై ఉంచింది. తెలుగు రాష్ట్రాలలో భవిత కేంద్రాలు, సహిత విద్య ఉపాధ్యాయులు ఈ దిశగా పనిచేస్తున్నారు. అయినా దివ్యాంగ బాలుడు రోజులో అధికభాగం గడిపేది సాధారణ తరగతిలో, సాధారణ ఉపాధ్యాయుని ఎదుటే. ఆ ఉపాధ్యాయునికి బిడ్డను గమనించే శిక్షణ, అందుకు తగిన సమయం లభించనంత వరకు హాజరు పట్టికలో పేరుండటమే చదువుగా మిగిలిపోతుంది. నూట పాతికేళ్ల క్రితం రోమ్‌లో 64 మంది ఉపాధ్యాయుల ముందు మరియా మాంటిస్సోరి ప్రారంభించిన పని అదే.