బూడిదలో మిగిలిన అచ్చులు

వ్యాపారం దెబ్బతిన్న విశ్వాసి ముందుగా మానేసేది ఆదివారం ఆరాధన. ఇన్నేళ్ల సేవలో ఇది నేను చాలాసార్లు చూశాను. సంగం జాగర్లమూడిలో ఒక సోదరుడు ఎరువులు, విత్తనాల దుకాణం నడిపేవాడు. కౌలు రైతులకు అరువు మీద సరుకిచ్చి, పంట చేతికొచ్చాక వసూలు చేసుకునేవాడు. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కోతకొచ్చిన వరి నీళ్లలో పడిపోయింది. రైతుల చేతిలో డబ్బు లేదు. అతని అరువు పుస్తకం నిండా మాత్రం పేర్లున్నాయి. కొన్ని నెలలకే దుకాణానికి తాళం పడింది. ఆ తర్వాత అతడు మందిరానికి రాలేదు.

నేను ఇంటికి వెళ్తే భార్య తలుపు తీసింది. అతడు లోపలి గదిలోంచి చాలాసేపటికి గాని బయటికి రాలేదు. వచ్చి ఒక్కటే అడిగాడు. దేవుడు తనను విడిచిపెట్టాడు కాబట్టే దుకాణం మునిగిందని సంఘంలో కొందరు అనుకుంటున్నారట, అది నిజమేనా అని. నష్టాల్లో కూరుకుపోయిన యోబును చూడవచ్చిన స్నేహితులు కూడా ఇలాంటి మాటే అన్నారు. చివరికి దేవుడు తప్పుపట్టింది యోబును కాదు, ఆ స్నేహితులనే. ఆ సంగతి చెప్పాను. ఆ వెంటనే మరో మనిషి కథ కూడా చెప్పాను. ఆయన విలియం కేరీ.

కేరీ పేరు మనకు కొత్త కాదు. నాలాంటి పాస్టర్లు చాలామంది వేదాంత పట్టాల మీద సెరంపూర్ పేరు ఉంటుంది. ఆ సెరంపూర్ కళాశాల 1818లో ఆయన, ఆయన సహచరులు స్థాపించినదే. ఆధునిక మిషనరీ ఉద్యమ పితామహుడని ఆయనను గౌరవంగా చెప్పుకుంటాం. కానీ ఆయన చేపట్టిన వ్యాపారాలు ఒకదాని వెంట ఒకటి దెబ్బతిన్నాయన్న సంగతి మన ప్రసంగాల్లో అంతగా వినపడదు.

కేరీ 1761 ఆగస్టు 17న ఇంగ్లండులోని పాలర్స్‌పరీ అనే పల్లెలో పుట్టారు. తండ్రి మొదట నేతపని చేసి, తర్వాత ఊరి బడిపంతులయ్యాడు. ఎండ తగిలితే చర్మం పొక్కిపోయే జబ్బు ఉండడంతో కుర్రవాడైన కేరీ పొలం పనికి పనికిరాలేదు. అందుకే చెప్పులు కుట్టే పనికి పెట్టారు. 1781లో డొరతీని పెళ్లి చేసుకున్నారు. కొంతకాలానికి పని నేర్పిన యజమాని చనిపోతే ఆ వ్యాపారం కేరీ చేతికొచ్చింది. అప్పటికి ఆయనకు ఇరవై రెండు, ఇరవై మూడేళ్లు. బజారు మందగించింది, రాబడి చాలలేదు. మొదటి బిడ్డ జ్వరంతో చనిపోయింది. అదే జ్వరం తండ్రినీ పీడించి, చిన్న వయసులోనే ఆయన తల మీది జుట్టు ఊడిపోయేలా చేసింది. తమ్ముడు, ఊరివాళ్లు తలా కొంత వేసుకుని ఆదుకోకపోతే ఆ కుటుంబం నిలిచేది కాదు. 1785లో మౌల్టన్ అనే ఊరికి మారి, బడి పెట్టి, చిన్న సంఘానికి కాపరి అయ్యారు. అక్కడా జీతం చాలక చెప్పులు కుట్టడం మానలేదు.

అయితే ఆ చెప్పుల పీట దగ్గర ఒక సంపద పోగైంది. తోలు కుడుతూనే ఆయన పక్కన పుస్తకం తెరిచి పెట్టుకుని లాటిన్, గ్రీకు, హెబ్రీ నేర్చుకున్నారు. వ్యాపారం నిలవలేదు గాని ఆ భాషలు నిలిచాయి.

1792 అక్టోబరు 2న కెటరింగ్‌లో బాప్టిస్టు మిషనరీ సొసైటీ ఏర్పడింది. మరుసటి ఏడాది నవంబరులో కేరీ కుటుంబంతో కలకత్తా చేరారు. ఖర్చుల కోసం వెంట తెచ్చిన సరుకును అమ్మే బాధ్యత తోటి మిషనరీ డాక్టర్ జాన్ థామస్‌ది. ఆయన మంచి మనిషే గాని డబ్బు చేతిలో నిలిచేది కాదు. కొద్ది వారాల్లో చేతిలో చిల్లిగవ్వ లేని స్థితి వచ్చింది. అప్పుడు ఒక బెంగాలీ వడ్డీ వ్యాపారి తన తోట ఇంట్లో వాళ్లను ఉచితంగా ఉండనిచ్చాడు. క్రీస్తును ఎరుగని మనిషి చేత దేవుడు తన సేవకునికి నీడ ఇప్పించాడు. సంఘం ఆలస్యం చేసిన చోట దేవుడు ఆగిపోడు.

1794లో జార్జి ఉడ్నీ అనే ఆంగ్ల వర్తకుడు మాల్దా ప్రాంతంలోని మద్నాబాటిలో తన నీలిమందు కర్మాగారాన్ని చూసుకోమని కేరీకి అప్పగించాడు. నీలి మొక్కలను కోసి తొట్లలో నానబెట్టడం, ఆ నీటిని చిలకడం, అడుగుకు దిగిన ముద్దను ఉడికించి ఆరబెట్టి బిళ్లలుగా కోయడం అక్కడి పని. జీతం రాగానే కేరీ తన పోషణకు ఇక డబ్బు పంపనవసరం లేదని ఇంగ్లండుకు రాశారు. కానీ నీలిమందు పంట పూర్తిగా వానల మీద ఆధారపడినది. వరద వస్తే మొక్క కుళ్లిపోతుంది, వాన లేకపోతే మొలవదు. ఆ అయిదేళ్లలో రెండూ జరిగాయి. 1799కి ఉడ్నీ ఆ కర్మాగారాన్ని వదులుకున్నాడు.

అప్పుడు కేరీ తాను దాచుకున్న సొమ్ముతో దగ్గరలోని ఖిదిర్‌పూర్‌లో ఒక చిన్న నీలిమందు కర్మాగారం సొంతంగా తీసుకున్నారు. ముగిసిపోతున్న వ్యాపారంలోనే మళ్లీ డబ్బు పెట్టారు. అదీ నిలవలేదు. ఇక్కడ వరదను మాత్రమే తప్పుపట్టలేం. ఆయన అంచనా కూడా తప్పింది. భక్తులు కూడా లెక్క తప్పుతారు. ఆ మాట ఒప్పుకోవడం వల్ల మన విశ్వాసానికి వచ్చే నష్టమేమీ లేదు.

ఈ కష్టంలో ఎక్కువ భారం మోసింది డొరతీ. మద్నాబాటి చేరిన ఏడాదే అయిదేళ్ల కొడుకు పీటర్ చనిపోయాడు. ఆ తర్వాత ఆమె మనసు చెదిరింది, మళ్లీ కుదుటపడలేదు. 1807లో ఆమె కన్నుమూసే వరకు ఆ ఇంట్లో ఆ బాధ ఉంది. కేరీ ఆమెను వదిలేయలేదు గాని, తన పనుల ఒత్తిడిలో పిల్లల్ని సరిగా చూసుకోలేకపోయారు. ఈ సంగతి దాచి కేరీని పొగడడం న్యాయం కాదు. నష్టం వచ్చిన ఇంట్లో భర్త మళ్లీ మొదలుపెట్టడం గురించి ఆలోచిస్తుంటే, వంటింట్లో భార్య ఏం మింగుతున్నదో చూసేవాళ్లు కూడా ఉండాలి.

మద్నాబాటి నుంచి కేరీకి మిగిలిందేమిటి? బెంగాలీ భాష వచ్చింది. కొత్త నిబంధన అనువాదం చాలావరకు సిద్ధమైంది. 1798లో ఉడ్నీ కొనిచ్చిన ఒక కొయ్య ముద్రణ యంత్రం ఉంది. కేరీ దాని చుట్టూ సంబరంగా తిరగడం చూసి, ఇది తెల్లవాళ్ల దేవుడు కాబోలని ఊరివాళ్లు అనుకున్నారట. కర్మాగారాల లెక్కలో ఈ మూడూ ఆస్తులు కావు. కానీ 1800 జనవరి 10న డేనిష్ పాలనలోని సెరంపూర్ చేరినప్పుడు ఆయన చేతిలో పెట్టుబడిగా ఉన్నవి అవే.

అక్కడ ఇంగ్లండు నుంచి వచ్చిన ఇద్దరు సహచరులు కలిశారు. విలియం వార్డ్ ముద్రణ పని తెలిసినవాడు. జాషువా మార్ష్‌మన్ ఉపాధ్యాయుడు. అంతవరకు కేరీ వ్యాపారాల భారమంతా ఒక్కడే మోశారు. సెరంపూర్‌లో అలా జరగలేదు. వార్డ్ ప్రెస్ చూసుకున్నాడు, మార్ష్‌మన్ దంపతులు బడులు నడిపారు, కేరీ 1801 నుంచి కలకత్తా ఫోర్ట్ విలియం కళాశాలలో భాషలు బోధించారు. ఎవరు ఎంత సంపాదించినా అంతా ఒకే ఉమ్మడి సంచిలోకి వెళ్లేది. పంచానన్ కర్మకార్ అనే నిపుణుడు, ఆయన తర్వాత అల్లుడు మనోహర్, భారతీయ భాషల అక్షరాలను ఉక్కు కడ్డీల కొనల మీద చెక్కారు. ఆ కడ్డీలతో తయారైన దిమ్మెల్లో సీసం పోసి అక్షరాలు పోతపోసేవారు. 1801లో బెంగాలీ కొత్త నిబంధన వెలువడింది. పన్నెండేళ్లలో ఆ ప్రెస్ ఆసియాలోనే పేరుమోసినదైంది.

1812 మార్చి 11 సాయంత్రం ఆ ప్రెస్‌కు నిప్పంటుకుంది. ఆ రోజు కేరీ కలకత్తాలో ఉన్నారు. తెల్లవారాక మార్ష్‌మన్ వెళ్లి ఆ కబురు చెప్పాడు. పద్నాలుగు భాషల అక్షరాలు కరిగి ముద్దలయ్యాయి. దాదాపు 1,200 రీముల కాగితం బూడిదైంది. ఏళ్ల తరబడి కేరీ రాసిన బహుభాషా నిఘంటువు రాతప్రతి పోయింది. పంజాబీ వ్యాకరణంతో పాటు మన తెలుగు వ్యాకరణం రాతప్రతి కూడా మంటల్లో పోయింది. నష్టం సుమారు 10 వేల పౌన్లు.

శిథిలాలు తవ్వుతుంటే అక్షరాలు పోతపోసే అచ్చులు చెక్కుచెదరకుండా దొరికాయి. వేరే గదిలో ఉన్న ముద్రణ యంత్రాలు కూడా మిగిలాయి. కరిగిపోయిన సీసపు ముద్దలనే మళ్లీ కరిగించి, ఆ అచ్చుల్లోనే పోసి కొత్త అక్షరాలు తయారు చేశారు. పనివాళ్లు రాత్రింబవళ్లు వంతులేసుకున్నారు. కేరీ తెలుగు వ్యాకరణాన్ని మళ్లీ మొదటి నుంచి రాశారు. అది 1814లో అచ్చయింది. 1818లో సెరంపూర్ నుంచి తెలుగు కొత్త నిబంధన, 1821లో మోషే అయిదు గ్రంథాలు వచ్చాయి. ఆ అనువాదంలో లోపాలున్నాయి, తర్వాతి తరాలు వేరే అనువాదాలు చేసుకున్నాయి, నేడు మన చేతిలో ఉన్నది అది కాదు. అయినా మన భాష కోసం ఒక మనిషి కాలిపోయిన పనిని రెండోసారి చేశాడన్నది మనం మరవకూడదు.

పోయినవన్నీ తిరిగి రాలేదు. ఆ బహుభాషా నిఘంటువును కేరీ మళ్లీ రాయలేకపోయారు. మళ్లీ మొదలుపెట్టడమంటే పోయినవన్నీ రాబట్టడమని అనుకుంటే మనం నిరాశపడతాం. యిర్మీయా చూసిన కుమ్మరి (యిర్మీయా 18) చెడిపోయిన కుండ మట్టినే తీసుకుని, తనకు నచ్చిన మరో కుండ చేశాడు. మట్టి అదే, కుండ వేరు.

అగ్నిప్రమాదం కబురు ఇంగ్లండు చేరిన తర్వాత అక్కడి సంఘాలు చేసిన పని ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోస్తుంది. దాదాపు రెండు నెలల్లో నష్టానికి సరిపడా సొమ్ము పోగైంది. శ్రమించి బతికే మామూలు మనుషులు కూడా అందులో వేశారు. నిప్పు ఎవరి అజాగ్రత్త వల్ల అంటుకుందో తేలితేగాని ఇవ్వమని ఎవరూ కూర్చోలేదు.

కేరీ ఆ తర్వాత కూడా నష్టం చూశారు. 1823లో దామోదర్ వరద ఆయన ప్రాణంలా పెంచుకున్న తోటను ముంచెత్తితే మళ్లీ నాటించారు. 1830లో కలకత్తాలో పామర్ అండ్ కంపెనీ, ఆ తర్వాత మూడు నాలుగేళ్లలో మిగిలిన పెద్ద వర్తక సంస్థలు కూలిపోయినప్పుడు సెరంపూర్ మిషన్ సొమ్ము కూడా వాటితో పోయింది. 1834 జూన్ 9న కేరీ కన్నుమూసినప్పుడు ఆయన ధనవంతుడు కాదు. విశ్వాసికి వ్యాపారంలో నష్టమే రాదని, వచ్చినా రెండింతలు తిరిగొస్తుందని బోధించేవాళ్లు ఈ జీవితాన్ని ఒకసారి చదవాలి.

సంగం జాగర్లమూడి సోదరుడికి ఇదంతా చెప్పాక, నీ బూడిదలో ఏ అచ్చులు మిగిలాయో చూడమన్నాను. మొదట ఏమీ లేవన్నాడు. అతని భార్యే ఒక్కొక్కటీ చెప్పింది. ఏ చేలో ఏ విత్తనం నిలుస్తుందో అతనికి తెలుసు. చుట్టుపక్కల రైతులందరికీ అతని మాట మీద నమ్మకముంది. బాకీ ఉన్న డీలర్ల దగ్గర నుంచి ముఖం చాటేయకుండా వెళ్లి గడువు అడిగి వచ్చాడు. ఇప్పుడతడు కొద్దిపాటి స్థలంలో మిరప, కూరగాయల నారు పెంచి అమ్ముతున్నాడు. అరువు ఇవ్వడం లేదు. అప్పులు ఇంకా తీరలేదు.

మళ్లీ ఆరాధనకు కూడా వస్తున్నాడు, వెనక వరుసలో కూర్చుంటాడు. అతనికి మిగిలిన అచ్చులను అతడు వెతుక్కున్నాడు. ఆ అచ్చుల్లో పోయడానికి సీసం తెచ్చివ్వాల్సిన వాళ్లం మనం. మన సంఘంలో ఎవరి దుకాణానికైనా తాళం పడితే, మనం ముందుగా ఆ తలుపు తడతామా, లేక కారణాలు వెతుకుతామా?