కోత పండుగ విందును, డోర్నకల్ తండ్రిగారును



కోత పండుగ దగ్గరపడుచున్నది. లంకాసాగరు క్రింద వరి గింజ పాలుపోసుకొని గట్టిపడుచున్నది. మెట్టచేలలో ప్రత్తి తెల్లబడినది. స్త్రీల సమాజమువారు ఈ యేటి విందుకు ఏమి వండవలెనని అప్పుడే మమ్మును అడుగుచున్నారు. ఆ మాట వినగానే పోయిన యేటి విందు మాకు జ్ఞాపకము వచ్చినది. అది మీలో అనేకులకును జ్ఞాపకమే.

పండుగ ముందటి రాత్రి వాన కురిసెను. గుడి వెనుక పేర్చిన కట్టెలన్నియు తడిసెను. తెల్లవారుజామున గాడిపొయ్యి రాజుకొనక మా ఇంటావిడ పొగలో కూర్చుండి కన్నులు ఎఱ్ఱజేసికొనెను. మోదుగాకుల విస్తళ్ల కట్టను ఎవరిదో మేక సగము నమిలివేసెను. పప్పులో ఒకరు ఉప్పు వేసి పోగా, వేయలేదనుకొని మరియొకరు మరల వేసిరి. కానుకగా తెచ్చిన కోడిపుంజు కాళ్లకట్టు విప్పుకొని ఆరాధన నడుమ బలిపీఠము దిక్కునకు పరుగెత్తెను. పిల్లలు నవ్విరి, మేమును నవ్వితిమి. ఇవన్నియు చిన్న సంగతులే. ఏ ఇంటిలోనైనను పదిమందికి వండునప్పుడు జరుగునవే.

కాని ఒక సంగతి చిన్నది కాదు. మన గుడి వెనుక గాడిపొయ్యిలు రెండు. మన సంఘములో పేటలు రెండు. ఏ పేట గుండిగ ఆ పేటదే, ఏ పంక్తి ఆ పంక్తిదే. ఇది ఎవరు పెట్టిన కట్టడయో తెలియదు, ఎవరును నోట చెప్పరు, అందరును ఎరుగుదురు. ఆ దినమున ఒక పేటవారి అన్నపు గుండిగ తడికట్టెల మంటకు క్రింద మాడి పైన పలుకై పోయెను. తినుటకు పనికిరాలేదు. చేయునది లేక రెండవ గుండిగనే అందరికిని వడ్డించితిమి. కొందరు మారుమాట లేక కూర్చుండి తినిరి. కొందరు పిల్లలను కూర్చుండబెట్టి తాము నిలువబడిరి. ఒక కుటుంబమువారు లేచి, ఉపవాసమని చెప్పి ఇంటికి వెళ్లిపోయిరి. అప్పటికి గంట సేపు క్రితమే మేము అందరికిని ఒకే పాత్రనుండి ప్రభురాత్రి భోజనము పంచియుంటిమి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. డోర్నకల్ తండ్రిగారు ఈ గుడి వెనుక నిలువబడియుండిన యెడల ఏమి చేసియుందురా అని ఆలోచించితిమి. అందుచేత ఈ మాసము ఆయన జీవితమును మీకు వ్రాయుచున్నాము.

వేదనాయకము శామ్యూలు అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి సీమలోని వెల్లాలన్‌విలై గ్రామమున జన్మించిరి. తండ్రి తామస్ వేదనాయకముగారు గ్రామ గురువు, మనవంటివారే. తల్లి ఎలెన్ అమ్మగారు కుమారుని కొరకు చాలకాలము ప్రార్థించి కనినందున హన్నావలె బిడ్డకు శామ్యూలు అని పేరు పెట్టెను. వారిది నాడారు కులము. ఆ దినములలో ఆ కులమువారు తాటిచెట్ల పనివారుగా తక్కువ చూపు చూడబడిరి. 1889లో తండ్రి చనిపోయిరి. తల్లి పెంపకములో చదువు సాగి, మద్రాసు క్రైస్తవ కళాశాల వరకు వెళ్లిరి. చివరి పరీక్షల సమయమున జబ్బుపడినందున పట్టము దక్కలేదు. పరీక్ష తప్పినదని ఇంటిలో మూలకు కూర్చున్న మన యువకులు ఈ మాట గమనింతురుగాక.

1895 నుండి ఆయన క్రైస్తవ యువజన సంఘములో కార్యదర్శిగా ఊరూర తిరిగిరి. 1898లో అన్బు మరియమ్మాళ్ అను చదువుకొనిన యువతిని వివాహమాడిరి. దక్షిణ దేశమున కళాశాల చదువు చూచిన మొదటి క్రైస్తవ స్త్రీలలో ఆమె ఒకరు. 1902లో యాళ్పాణమునకు వెళ్లినప్పుడు అక్కడి తమిళ సంఘములు తమ సొంత కానుకలతో సువార్తికులను పంపుట చూచి ఆయన సిగ్గుపడిరట. తిరునెల్వేలి సంఘములు అంత పెద్దవైయుండియు అట్లు చేయలేదు. మరుసటి యేడు, 1903 ఫిబ్రవరిలో, పాళయంకోటలో తిరునెల్వేలి భారత మిషనెరీ సమాజము పుట్టినది. విదేశపు రూకలు లేకుండ, ఈ దేశపు మనుష్యులచేత, ఈ దేశపు కానుకలచేత పని జరుగవలెనని నియమము. పొలము ఎక్కడ? నైజాము రాజ్యములో మానుకోట తాలూకా. భాష తెలుగు. కేంద్రము డోర్నకల్.

ప్రియులారా, మన ప్రాంతము వారికి అంత దూరమైయుండెను. ఇప్పుడు ఖమ్మములో రైలు ఎక్కినయెడల అరగంటలో డోర్నకల్ చేరుదుము. ఆనాడు అది అడవి నడుమ రైలు కూడలి. అజరయ్యగారు 1909లో గురువుగా అభిషేకము పొంది, పట్టణపు ఉద్యోగము విడిచి అక్కడికి వచ్చి, మొదట గుడారములో కాపురముండిరి. ముప్పదియైదేండ్ల వయస్సున తెలుగు అక్షరములు దిద్దుకొని, మిషనెరీ దొరలు వ్రాయు తెలుగు పరీక్షయే తామును వ్రాసిరి. తమిళ దేశపు వంటకు అలవాటుపడిన అన్బు అమ్మగారు ఆ గుడారము ముందు మూడు రాళ్ల పొయ్యి పెట్టి మొదటి వంట ఎట్లు చేసిరో ఎవరును వ్రాయలేదు. మా ఇంటావిడ మాత్రము, వానకు ఆ కట్టెలును తడిసియే యుండునని అనుచున్నది.

మరుసటి యేడు 1910లో ఎడిన్‌బరో నగరమున లోకమంతటి మిషనెరీల మహాసభ జరిగినది. అక్కడ అజరయ్యగారు చేసిన ప్రసంగమును నేటికిని మిషనెరీ చరిత్ర వ్రాయువారు విడువరు. మిషనెరీలు ఈ దేశమునకు చేసిన త్యాగమునకు ఆయన వందనము చెప్పిరి. పిమ్మట, తమకు కావలసినది స్నేహము అని అడిగిరి. ఎదురు దర్శనములు, చేయి కలుపుట, కూర్చుండుటకు కుర్చీ, భోజనములు, తేనీరు, వీటిని వాటికొరకే తాము అడుగుటలేదనియు, స్నేహమునకు గురుతులైన యెడల అవన్నియు కావలెననియు ఆయన వారికి తెలియజేసిరి. అక్కడ కూర్చున్న కొందరు దొరలకు ఆ మాటలు మింగుడుపడలేదు. ఎందుకనగా యేండ్ల తరబడి తమతో పనిచేసిన ఉపదేశిని ఒక్కనాడును తమ బల్లయొద్దకు పిలువనివారు వారిలో నుండిరి.

ఇక్కడ మేము ఆగుచున్నాము. ఆ ప్రసంగము చదివినప్పుడెల్ల దొరలను నిందించుట మనకు తేలిక. మేమును సెమినరీలో అట్లే చేసితిమి. రెండు గుండిగలు మనము పెట్టుకొని, దొరల కుర్చీలను లెక్కపెట్టుట ఏమి న్యాయము?

1912 డిసెంబరు 29న కలకత్తాలోని పరిశుద్ధ పౌలు కథీడ్రలులో అజరయ్యగారు డోర్నకల్ బిషప్పుగా అభిషేకింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో ఈ దేశస్థులలో మొదటి బిషప్పు ఆయనయే. మొదట ఆ అధ్యక్ష ఖండము చిన్నది. 1920 తరువాత కృష్ణా సీమ మొదలగు తెలుగు మిషన్ ప్రాంతములు చేరి విస్తరించెను. గోదావరి ఒడ్డున 1860 ప్రాంతమున కోయల నడుమ ఆరంభమైన దుమ్ముగూడెము మిషను కూడ ఆయన కాపుదలలోనికి వచ్చెను. ఆయన ఎద్దుబండిమీద ఊరూర తిరిగి, చెట్ల క్రింద కూర్చుండి, వెట్టి చేయు కూలివారితో మాటలాడిరి. ఆంధ్ర సంఘములు ఆయనను తండ్రిగారు అని పిలుచుచుండెను. బాప్తిస్మము పొందిన ప్రతివాడును తన తలపై చేయి పెట్టుకొని, సువార్త ప్రకటింపకున్న తనకు శ్రమ అని పౌలు చెప్పిన మాటను తన మాటగా ఒప్పుకొనవలెనని ఆయన నేర్పిరి. ఆయన కాలములోనే ఆ ఖండములో విశ్వాసుల సంఖ్య రెండు లక్షలు దాటినది.

వారిలో అధికులు మాల, మాదిగ పల్లెలవారు, పూటకు గింజ చాలనివారు. అట్టివారిని కానుక అడుగరాదని కొందరనిరి. అజరయ్యగారు ఒప్పుకొనలేదు. ఇచ్చు భాగ్యము బీదవానికి లేకుండ చేయుట అతనిని చిన్నబుచ్చుటయే అని ఆయన తలంపు. క్రైస్తవులు ఇచ్చుటనుగూర్చి ఆయన ఒక పుస్తకమే వ్రాసిరి. మన ఇండ్లలో అత్తలనుండి కోడండ్లకు వచ్చిన పిడికెడు బియ్యపు అలవాటు ఆ దినములలోనే ఆ ఖండములో పాతుకొనినది. ఎసట్లో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరు కుండలో వేయుట. కోత పండుగయు అట్లే. రూకలు లేనివారు ధాన్యము, జొన్నలు, గుమ్మడికాయలు, గ్రుడ్లు, కోళ్లు, మేకలు తెచ్చి దేవుని సన్నిధిని పెట్టుదురు, తరువాత వాటిని వేలము వేయుదురు. ఊరి జాతరకు పోయి త్రాగి అప్పులపాలగు జనమునకు ఆయన చూపిన పండుగ ఇది. కల్లు సారాయములు దానిలో చేరరాదని ఖండితముగా చెప్పిరి.

ఇంత చేసినను, కులము గుడిలోనికి వారితోకూడ నడచివచ్చెను. రెండు పల్లెలవారు క్రీస్తును నమ్మిరి గాని ఒకరి నీళ్లు ఒకరు త్రాగుటకు వెనుదీసిరి. ఈ సంగతిలో తండ్రిగారు పట్టు విడువలేదు. ప్రభువు బల్లయొద్ద ఒకే పాత్ర, బడిలో ఒకే పంక్తి. డోర్నకల్ బోర్డింగులో పిల్లలు చదువుతోపాటు పొలము పనియు చేతిపనులును తామే చేయవలెను. గురు విద్యార్థుల భార్యలకును అన్బు అమ్మగారు చదువు చెప్పిరి. ఆ పల్లెల జనుల నడవడి మారుట కన్నులార చూచి శూద్ర కులములవారు వేలకొలదిగా ఆ సంఘములలో చేరిన చరిత్రయు ఉన్నది. కాని ఆయన పోరాటము ఆయనతో ముగిసినదని మేము వ్రాయజాలము. మన గుడి వెనుక రెండు పొయ్యిల బూడిద ఇంకను ఉన్నది.

ఈ మాసము మీ ఇండ్లలో చదువుకొనుటకు ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయమును, 1 కొరింథీయులకు 11వ అధ్యాయము చివరి భాగమును ఇచ్చుచున్నాము. మొదటిదానిలో ప్రథమ ఫలముల గంప తెచ్చిన ఇశ్రాయేలీయుడు లేవీయునితోను తన మధ్యనున్న పరదేశితోను కలిసి సంతోషింపవలెనని ఆజ్ఞ కలదు. ఆ గంప పరదేశి లేని పంక్తికి చేరునది కాదు. రెండవదానిలో కొరింథు సంఘమువారు విందుకు కూడుకొని, ఎవరి భోజనము వారు ముందుగా తినుచుండగా ఒకడు ఆకలిగొనుట చూచి పౌలు మందలించును. పౌలు అక్కడ వంట సంగతి పట్టుకొని నేరుగా ప్రభువు శరీరము సంగతిలోనికి పోవును. పొయ్యికిని బల్లకును నడుమ ఆయన గోడ కట్టలేదు.

తండ్రిగారు డోర్నకల్‌లో కట్టించిన ఎపిఫనీ కథీడ్రలు 1939 జనవరి 6న ప్రతిష్ఠింపబడెను. గుమ్మటములు, మినారులు, తామరపూల చెక్కడములు గల ఆ గుడి ఈ దేశపు మట్టిలోనుండి మొలచినట్లుండును. పిమ్మట ఆరు సంవత్సరములే ఆయన బ్రదికిరి. 1944 డిసెంబరులో పల్లెలలో తిరుగుచు జ్వరము తెచ్చుకొని ఇల్లు చేరిరి. 1945 జనవరి 1న ప్రభువునందు నిద్రించిరి. ఆయన ఎంతో కోరి పాటుపడిన సంఘముల ఐక్యత, దక్షిణ ఇండియా సంఘముగా, 1947 సెప్టెంబరు 27న జరిగినది. ఆయన చూడలేదు. సెమినరీ దినములలో మేము ఆ కథీడ్రలు ప్రక్కనున్న ఆయన సమాధియొద్ద నిలిచి ఫొటో తీయించుకొంటిమి. అప్పుడు మాకు వచ్చిన తలంపులు ఆయన గొప్పతనమును గూర్చినవే. గుండిగల సంగతి అప్పుడు తోచలేదు.

ఇక ఈ యేటి పండుగ. ఒక్క గాడిపొయ్యియే త్రవ్వవలెనని సంఘ పెద్దల యెదుట మేము అడిగియున్నాము. రెండు పేటల పెద్దలును ఆలోచించి చెప్పెదమనిరి. ఇంకను చెప్పలేదు. పోయిన యేడు లేచి వెళ్లిన కుటుంబమువారి ఇంటికి మేమును మా ఇంటావిడయు రెండుసార్లు వెళ్లితిమి. మొదటిసారి గుమ్మమునొద్దనే మాటలాడిరి. రెండవసారి లోపలికి పిలిచి మంచము వాల్చి, మజ్జిగ ఇచ్చిరి. పండుగ మాట వారు ఎత్తలేదు, మేమును ఎత్తలేదు.

కట్టెలు మాత్రము ఈసారి పాస్టరు ఇంటి వసారాలో పేర్చియుంచితిమి. విస్తళ్లు కుట్టు స్త్రీలు మోదుగాకులను మేకలకు అందకుండ దూలమునకు కట్టవలెను. పెద్ద గుండిగ ఒకటి కావలెను. ఎవరి ఇంటనైన ఉన్నయెడల, ఏ పేటవారైనను సరే, ఆదివారము ఆరాధన తరువాత మాతో చెప్పుడి.